లేని ఇంటికి సాక్ష్యాలు

అక్టోబరు 13, ఆదివారం

ఎమ్మిగనూరు నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్ళంతా దుమ్ము, మనసు మాత్రం నేల మీద లేదు. నేటి నుంచి డైరీ రాయాలట, శివశంకర్ సార్ హుకుం. వ్యాపారం పెట్టాలనుకునే ఆడవాళ్ళకు ఆయన అక్కడ ఆదివారాలు క్లాసు చెబుతాడు. ఈ రోజు పాఠం ఒక్కటే. కట్టకముందు అడగండి. రేపు మీ దగ్గరికి రావలసిన వాళ్ళ దగ్గరికి ఇవాళ మీరే పోండి. మీ ఆలోచన చెప్పి వాళ్ళ చేత తల ఊపించుకోవద్దు, పోయిన ఏడు వాళ్ళు ఏం చేశారో అడగండి, అన్నాడు.

నా ఆలోచన చెప్పగానే క్లాసంతా నా వైపు తిరిగింది. మా పెద్దకడుబూరు పక్క పత్తి తీతలు అయిపోగానే సగం ఊరు ఇళ్ళకు తాళాలేసి సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోసే పని. మళ్ళీ వచ్చేది ఎండలు ముదిరాకే. పిల్లలూ వెంటే పోతారు, బడిలో వాళ్ళ పేర్లు మాత్రం మిగులుతాయి. ఆ నెలలన్నీ పిల్లల్ని ఉంచుకునే ఒక ఇల్లు పెడతాను. అన్నం, పడక, పగలు బడి, సాయంత్రం నా చదువు. ఫీజు తక్కువే, కానీ ఫీజు ఉంటుంది. ధర్మసత్రం పెట్టడం లేదు నేను.

“పని చేస్తుందని ఏమిటి నమ్మకం?” అన్నాడు సార్.

“నేనే రుజువు” అన్నాను. నాలుగో తరగతిలో మా అమ్మానాన్న నన్ను ఆదోని హాస్టల్లో వదిలి సుగ్గికి పోయారు. అందుకే చదువు అబ్బింది, అందుకే ఇవాళ ఆదోనిలో టీచర్ని.

“మిమ్మల్ని వదిలింది ఎవరు?”

“మా అమ్మ. నాన్న ఇప్పుడు లేడు.”

“అయితే ముందు ఆమెను అడగండి. మీ ఊళ్ళో ఆ పని చేసిన మనిషి ఆమే కదా.”

నవ్వొచ్చింది. అమ్మను అడిగేదేముంది, ఇంట్లోనే ఉంటుంది.

అక్టోబరు 15

సంతోషిని అడిగాను. మా వీధే, నా ఈడే. నేను హాస్టల్‌కు పోయిన ఏడు అది అమ్మానాన్నలతో సుగ్గికి పోయింది, ఆ తర్వాత బడి మెట్టెక్కలేదు. ఇప్పుడు దానికి రూతు అని ఏడేళ్ళ పిల్ల. నా ఇంటి సంగతి అంతా చెప్పి, “రూతును పంపుతావు కదా?” అన్నాను.

“నువ్వు పెడితే బాగనే ఉంటాది కృపా. నీ మాదిరి టీచరయితే అంతకంటే ఏం కావల్ల” అంది.

ఒక అవును రాసుకున్నాను. శివశంకర్ సార్ అలా అడగొద్దన్నాడు, నాకు తెలుసు. ఆయనకు మా ఊరు తెలియదు, నాకు తెలుసు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. వేరుశనక్కాయలు ఒలుస్తోంది. “ఊ” అంది. ఒలుస్తూనే ఉంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆమెను సుగ్గికి పోనివ్వలేదు నేను. ఇలాంటి విషయాల్లో ఆమెకు ఇంకా ఊ తప్ప మాట రాదు.

అక్టోబరు 18, శుక్రవారం

ఈ రోజు మర్చిపోలేను.

ఉపవాస ప్రార్థనకు పోయాను. చాలా రోజులైంది పోయి. పాటలు అయ్యాక పాస్టరమ్మ, “కృప ఏదో సెప్పల్లంటాంది, సాక్ష్యాల సమయంలో సెప్పనీండి” అంది. సాక్ష్యమంటే లేచి దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం. నిలబడి చెప్పాను. నా హాస్టల్ సంగతి, నా చదువు, నేను పెట్టబోయే ఇల్లు. చివర అడిగాను. ఇలాంటి ఇల్లుంటే మీకు ఏం మేలు జరుగుతుందో చెప్పండి.

ముందు ఎవరూ లేవలేదు. తర్వాత సంతోషి లేచింది. ముసుగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, “ప్రభువు నామంలో అందరికీ వందనాలు” అని మొదలుపెట్టింది. “నా బిడ్డ మిరప చేన్లో సాళ్ళ మధ్య నిద్రపోతాంటే నా కడుపు తరుక్కుపోయేది. ఇప్పుడు నా రూతు నీడపట్టున కూసుని సదువుకుంటాంది. వానొచ్చినా నాకు దిగులు లేదు. దేవునికి స్తోత్రం.” దాని వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె. ఒకామెకు ఏడుపాగలేదు. ఇంకా ఒక్క ఇటుక లేదు, ఒక్క చాప లేదు, వాళ్ళు మాత్రం ఆ ఇంట్లో తమ పిల్లలు పడుకుని లేవడం కళ్ళారా చూసినట్టు చెబుతున్నారు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

అమ్మ వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె లేవలేదు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు ఆమెకు.

అక్టోబరు 20

సార్‌కు చెప్పాను. పొంగిపోతాడనుకున్నాను. పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, “కన్నీళ్ళు మంచివే. పిల్ల పెట్టె ఇప్పుడే తెచ్చి పెట్టమని అడగండి. తెస్తే అది అవును” అన్నాడు.

మా వాళ్ళను అలా పరీక్ష పెట్టడమంటే అవమానం. అడగను.

మళ్ళీ అడిగాడు, మీ అమ్మగారితో మాట్లాడారా అని. ఈయనకు మా అమ్మ మీద ఇంత ధ్యాస ఎందుకో.

అక్టోబరు 21

అమ్మతో మాట్లాడదామని కూర్చున్నాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉంది. లేచాను.

నవంబరు 3

కౌతాళం పక్క పత్తి చేలల్లో తిరిగాను. అక్కడివాళ్ళూ సుగ్గికి పోతారు. సగం తెలుగు, సగం కన్నడం. ఒక అవ్వ అంతా విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, “ఆగ్లి తాయీ, నోడోణ” అంది. కానీలే తల్లీ, చూద్దాం. కానీలే అంది కాబట్టి అవునని రాసుకున్నాను. తిరిగి వస్తుంటే అందరూ “పోయిరా తాయీ” అన్నారు. ఎంత మంచివాళ్ళు.

ఒక చిన్నావిడ మాత్రం వెంటపడి అడిగింది, “పిల్లకు రాత్రి కడుపు నొస్తే ఎవురు లేస్తారు?” అని. నేనే లేస్తానన్నాను. ఆమె ఇంకేదో అడగబోయింది, బస్సు వచ్చింది.

నవంబరు 11, సోమవారం

ఉద్యోగం మానేశాను. హెడ్మాస్టరు ఏడాది పూర్తి చేసి పొమ్మన్నాడు, మధ్యలో పోతే మళ్ళీ తీసుకునేది లేదని కూడా అన్నాడు. ఏడాది పూర్తయ్యాక సుగ్గి ఎక్కడుంటుంది. మా ఊరి పిల్లలంతా మిరప చేలలో ఉంటే నేను ఇక్కడ వేరే వాళ్ళ పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చోవాలా. అదే మాట ఆయనతో అన్నాను, కాస్త గట్టిగానే.

అమ్మతో చెబితే చేతిలో చెంబు కింద పెట్టింది.

“ఎవుర్ని అడిగి మానుకున్యావు?”

“అందర్నీ అడిగినాను. నెల రోజులుగా అదే పని గదా నాకు.”

ఆమె నా ముఖం చూసింది, ఏదో అనబోయి నీళ్ళకు పోయింది. ఆమెకు భయం. ఉద్యోగం అంటే గోడ మీద దేవుడి పటం లాంటిది ఆమెకు, దాన్ని దించకూడదు.

నవంబరు 19

పెద్దకడుబూరు బస్టాండు వెనక లక్ష్మప్ప ఇల్లు అద్దెకు కుదిరింది. ముందు వరండా, లోపల పొడుగాటి గది, వెనక బావి. సున్నం నేనే కొట్టాను. చేతులు పొక్కాయి. గోడ మీద అచ్చులు రాశాను, అ దగ్గర అమ్మ బొమ్మ వేశాను. బొమ్మ సరిగ్గా రాలేదు, ముఖం వంకరపోయింది, వదిలేశాను.

నవంబరు 29, శుక్రవారం

దుప్పట్లకు ఎమ్మిగనూరు పోయాను. మగ్గం దుప్పట్లు, చారలవి, మందంగా ఉన్నాయి. బస్సు పైకి ఎక్కించడానికి కండక్టరుతో పెద్ద గొడవ. ప్రార్థనకు పోలేకపోయాను. అమ్మ పోయి వచ్చిందట. వీధిలో దిగి మోసుకొస్తుంటే ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఉన్నారు, ఎవరూ సాయం పట్టలేదు. సంతోషి కూడా. అలసిపోయి ఉంటారు, పత్తి చివరి తీతలు కదా.

డిసెంబరు 8, ఆదివారం

ఆరాధన అయ్యాక పిల్లల్ని తీసుకురమ్మన్నాను. అన్నం, పప్పు, గుడ్లు వండించాను. దుప్పట్లు మడిచి వరసగా పరిచాను.

ఎవరూ రాలేదు.

డిసెంబరు 8, మళ్ళీ

ఎవరూ అంటే ఒక్కరు కూడా. లక్ష్మప్ప వచ్చి, “ఏమ్మా, ఈ పొద్దు కాదేమో, రేపేమో” అన్నాడు. గుడ్లు ఆయన మనవళ్ళు తిన్నారు.

డిసెంబరు 9

సంతోషి ఇంటికి పోయాను. అది మూటలు కడుతోంది. గిన్నెలు, బొంత, రూతు గౌన్లు అన్నీ ఒకే మూటలో.

“నిన్న రాలేదేం?” అన్నాను.

“సర్దుకునే పనుండెలే.”

“రూతును ఎప్పుడు తెస్తావు?”

మూట ముడి బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. “అది మా ఎంట వస్తాందిలే కృపా.”

“సంఘంలో నిలబడి ఏడ్చినావు గదే. నా రూతు నీడపట్టున సదువుకుంటాంది అంటివి. అందరూ అంటిరి. అవన్నీ అబద్ధాలా?”

“అబద్ధం యాల అవుతాది? సాక్ష్యం సెప్పమన్యావు, సెప్పినాం. ఏం మేలు జరుగుతాదో సెప్పండి అంటివి. జరిగే మేలంతా సెప్పినాం. పంపుతారా అని నువ్వు అడగలేదు. సాక్ష్యానికి లేసి యాడన్నా కాదంటారా ఎవురన్నా?”

నాకు ఒళ్ళు మండింది. అంటే నేను నెల రోజులు స్తోత్రాలు పోగుచేసుకున్నాను. వాటిని చూసుకుని ఉద్యోగం వదిలాను. నా ముందు కూర్చున్నది నా చిన్నప్పటి స్నేహితురాలు, నన్ను పట్టపగలు నిండా ముంచి మూటలు కట్టుకుంటోంది. ఆ మాట దాని ముఖం మీదే అన్నాను.

అప్పుడు చెప్పింది. నిజంగానే పంపుదామని ముగ్గురు నలుగురు అనుకున్నారట, తాను కూడా. కానీ పంపే ముందు ఎవరినన్నా అడగాలి కదా, అలా ఒకసారి వదిలిన వాళ్ళను. ఊళ్ళో ఉన్నది ఒక్కతే. నేను దుప్పట్లకు పోయిన శుక్రవారం ప్రార్థనలో అడిగారట, పార్వతమ్మత్తా, నీ బిడ్డను ఇడిసినావు గదా, ఎట్లుండె అని. మా అమ్మ లేచి సాక్ష్యం చెప్పిందట. జీవితంలో మొదటిసారి.

సంతోషి చెప్పింది చెప్పినట్టు రాస్తాను. రాయకపోతే నాకే అనుమానం వస్తుంది.

“నా బిడ్డను నాలుగో తరగతిలో హాస్టల్లో ఇడిసినాను. సదువొచ్చింది, దేవునికి స్తోత్రం. ఉద్యోగం వచ్చింది, స్తోత్రం. సుగ్గి నుంచి దిగి నేరుగా హాస్టలుకే పోయినాను, ఇంటికి కూడా పోలేదు. బిడ్డ మొగం పట్టుకుని తుడిసినాను. నా సేతులకు మిరప కారం. నెలల తరబడి కోసిన సేతులు, ఎంత కడిగినా పోదు. బిడ్డ సెంపలు మండి కేకలు పెట్టింది. వార్డెనమ్మ ఎనక దాంకునింది. మళ్ళా నేను పట్టుకోబోతే రాలేదు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దుటి దాకా అది నా పక్కలో పండుకోలేదు. నాతో మాట్లాడతాది, సీరలు తెస్తాది, మందులు తెస్తాది. నా కాడికి మాత్రం రాదు. మీరు అడిగినారని సెప్తాండా. సదువైతే వస్తాది. బిడ్డ మళ్ళా వస్తాదో రాదో నేను సెప్పలేను.”

అందరూ ఏడ్చారట. ఆమెన్ అన్నారట. నా ఇల్లు అక్కడ మూతపడింది.

డిసెంబరు 10

అలాంటిదేదీ జరగలేదు. నాకు గుర్తు లేదు.

డిసెంబరు 11

నాకు గుర్తు లేదు. వార్డెన్ నా చెంపలకు కొబ్బరి నూనె రాసింది గుర్తుంది. ఎందుకు రాసిందో గుర్తు లేదు.

డిసెంబరు 12

అమ్మను అడిగేశాను. మూడు రోజులుగా ఆమెతో మాట్లాడలేదు. ఆమె అన్నం పెట్టి పక్కకు పోయేది, నేను తిని లేచేదాన్ని. ఈ రోజు పళ్ళెం తోసేశాను.

“నా సంగతి సంఘంలో చెప్పేకి నీకు ఎవరు హక్కిచ్చినారు?”

“నా సంగతే సెప్పినాను.”

“నా బతుకు నాశనం చేసినావు. పరాయోళ్ళు చేసింటే ఏడ్చి ఊరుకుందును. నువ్వు చేసినావు.”

ఆమె పళ్ళెం దగ్గరికి తీసుకుని, చెదిరిన మెతుకులు ఏరసాగింది. “ఊరందర్నీ అడిగినావు. కౌతాళం దాకా పోయి అడిగినావు. నన్ను అడగలేదు. వాళ్ళు అడిగినారు.”

“ముందే నాతో అనింటే ఉద్యోగం ఉండేది గదా.”

“యాడ అనల్ల? నువ్వు కూసుంటే గదా. నేను నోరు తెరిసేలోపల లేస్తావు. వాళ్ళు కూసున్యారు. ముగ్గురు ఎగదోసినారు కూడా, సెప్పు అత్తా సెప్పు అని. అబద్ధం సెప్పమంటావా, దేవుని ముందర?”

నాకు ఊరికే గెలవాలనిపించింది. సార్ నేర్పినట్టు అడిగాను. నేర్పినట్టు కాదు, ఆయన వద్దన్నట్టే. “ఆ ఏడు మళ్ళీ వస్తే నన్ను వదులుతావా, నీ ఎంట పిలుసుకోని పోతావా?”

వెంట తీసుకుపోతాను అంటుందనుకున్నాను. అంటే చాలనుకున్నాను. అప్పుడు తిట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

“ఇడుస్తా” అంది. “నిన్ను సదివించల్ల గదా. మళ్ళా అట్లే ఇడిసి, మళ్ళా అట్లే ఏడుస్తా. ఇంగొకరిని నీ బిడ్డను ఇడువు అని మాత్రం నా నోటితో సెప్పను.”

ఆమె మళ్ళీ వదులుతుంది. అడిగితే ఒక్క క్షణం కూడా ఆగకుండా చెప్పింది.

డిసెంబరు 13

ఆదోని బడికి ఫోన్ చేశాను. నా జాగాలో ఎవరో చేరారట.

డిసెంబరు 16

ఇది కోపంతోనే రాస్తున్నాను.

అమ్మ సుగ్గికి పోతోంది. నా ఉద్యోగం పోయింది కదా అనుకున్నాను, అందుకని కూలికి అనుకున్నాను. కాదు. కూలీలను సుగ్గికి తీసుకుపోయే మేస్త్రి మద్దయ్య ఇంటికొచ్చి చెప్పాడు. ఆడవాళ్ళంతా కలిసి అడిగారట ఆమెను, మిరప కోయడానికి కాదు, గుడారాల దగ్గర పిల్లల్ని చూసుకోవడానికి. ఆమె ఉంటే పెద్దపిల్లలు చంటివాళ్ళను మోసుకుంటూ తిరగక్కర్లేదు, అక్కడి బడికి పోతారు. ప్రతి ఇల్లూ తలా కాస్త ఇస్తుంది. సంతోషి అందరికంటే ముందు ఒప్పుకుందట. రూతు గౌన్ల మూట ఇప్పటికే మా అరుగు మీద ఉంది.

పెట్టె ముందే తెచ్చి పెడితే అది అవును. ఆమె ఎవరినీ అడగను కూడా లేదు, వాళ్ళే తెచ్చి పెట్టారు.

నా ఆలోచన. నా మనుషులు. నేను ఊరూరా తిరిగి కాళ్ళరిగేలా పోగేసిన మనుషులు. గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె వైపు పోయారు.

సాయంత్రం వచ్చి, “మ్మే, ఆ దుప్పట్లు ఊరికే ఉండాయి గదా” అంది. తీసుకో అన్నాను. ఇంకేమనాలి.

శివశంకర్ సార్ ఫోన్ చేస్తే ఇదంతా కక్కేశాను. ఆయన అంతా విని, “మీకు జవాబు దొరికింది కృపగారూ. వాళ్ళకు పిల్లల్ని వదిలే చోటు అక్కర్లేదు, వెంట వచ్చే మనిషి కావాలి. మీ అమ్మగారితో పోండి, పలకలు పట్టుకుని” అన్నాడు. ఫోన్ కట్ చేశాను. మోసపోయిన వాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళంటే నాకు అసహ్యం.

డిసెంబరు 18

అమ్మ చీరలు రెండు సర్దుకుంది. కొత్తవి ఇంట్లో పెట్టింది, నేను కొన్నవి. పాతవి పెట్టుకుంది.

డిసెంబరు 20, శుక్రవారం

పోయారు.

పోకూడదనుకుంటూనే బండి దగ్గరికి పోయాను. లారీ నిండా జనం, గిన్నెలు, మూటలు, మూటల మీద నా చారల దుప్పట్లు. అమ్మ కిందే నిలబడి ఉంది, అందరూ ఎక్కాక ఎక్కుదామని.

“వస్తావా? సోటుంది” అంది.

“నాకు ఇక్కడ పనుంది” అన్నాను.

ఏం పని అని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. అడిగి ఉంటే బాగుండేది. ఇంకొక్కసారి రమ్మన్నా ఎక్కేసేదాన్ని, చెప్పుల్లేకుండా అయినా ఎక్కేసేదాన్ని. ఆమె నా మాట నమ్మేసింది. పని ఉందంటే ఉందనుకుంది.

మద్దయ్య చెయ్యి అందిస్తే ఎక్కింది. ఆమె ఇంకా సరిగ్గా కూర్చోకముందే రూతు మూటల మీదుగా పాకి వచ్చి ఒళ్ళో పడింది. అమ్మ ఆ పిల్ల ముక్కు తుడిచి, జుట్టు వెనక్కి తోసి, రెండు చేతుల్తో ముఖం పట్టుకుని ఏదో చెప్పింది. పిల్ల పకపకా నవ్వింది. నా కడుపు మండిపోయింది, ఏడేళ్ళ పిల్ల మీద. ఇది ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటున్నాను. ఆ పిల్లను కిందికి లాగేయాలనిపించింది.

సంతోషి నన్ను చూసి తల దించుకుంది. లారీ కదిలింది. అమ్మ చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. మలుపు దగ్గర ఆమె ఇంకా ఇటే చూస్తోందనుకున్నాను, కానీ ఎండ నా కళ్ళలో పడుతోంది, కచ్చితంగా చెప్పలేను.

ఇంటికొచ్చి తలుపు తీశాను. వంట చేసి పోయింది. తినలేదు.

నాలుగో తరగతిలో హాస్టల్ గేటు దగ్గర నన్ను దించినప్పుడు అమ్మ వార్డెనమ్మ చేతిలో నా చెయ్యి పెట్టి, జాగ్రత్త అమ్మా అని చెప్పి పోయింది. ఈసారి నన్ను ఎవరికీ అప్పజెప్పకుండానే సుగ్గికి పోయింది.